ఆపే చుక్క

దాలమ్మను నేను తిట్టాను. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఇక ముందు చాలామంది మీద మండిపడతాను, వాళ్ళలో ఎక్కువమంది అందుకు తగినవాళ్ళే. కానీ మొదటి కేక వేసింది మాత్రం ఏ పాపమూ ఎరగని మనిషి మీద. పలాస నుంచి పొద్దుటి రైల్లో వచ్చి, కూతురి భుజం పట్టుకుని నా గదిలోకి అడుగుపెట్టిన మనిషిని కూర్చోమని కూడా అనకుండా, "చుక్కలెందుకు వేసుకోలేదు?" అని అరిచాను.

"ఏసుకున్నానమ్మా," అంది దాలమ్మ.

"అబద్ధం ఆడకు. మందు నిండుగా ఉందని ఫోన్లో ఏడుసార్లు నువ్వే చెప్పావు. ఇదిగో, నా ముందు రాసి ఉంది. ఇంట్లో మందు పెట్టుకుని కళ్ళు పోగొట్టుకున్నావు."

అంతవరకూ ఆమెను మీరు అనే పిలిచేదాన్ని. ఆ రోజు నువ్వు అన్నాను. ఆమెకు నా మొహం కనపడటం లేదు కాబట్టి, గొంతు వినపడిన వైపు చేతులు జోడించింది. "ఏడుసార్లు సెప్పినానమ్మా," అని గొణిగింది. నేను దాన్ని ఒప్పుకోలు అనుకున్నాను. కూతురు హేమలత ఏదో చెప్పబోతే, "నువ్వు ఊరుకో, అమ్మను చూసుకోవడం చేతకాలేదు కానీ," అని ఆ పిల్ల నోరూ మూయించాను. బయట వరండాలో కూర్చున్న పదిమంది రోగులు ఇదంతా విన్నారు.

నా పేరు వకుళ. విశాఖపట్నంలో ఒక నేత్ర పరిశోధన సంస్థలో జన్యువుల విభాగం నాది. ఆ రోజు దాలమ్మ కళ్ళకు తీసిన బొమ్మలు చూశాక నాకు మతి పోయింది. కంటి వెనక గోడకు పలచటి పొర ఒకటి ఉంటుంది, రెటీనా. ఆమె రెండు కళ్ళలోనూ ఆ పొర ఎండిన ఉల్లిపొట్టులా ముడుచుకుపోయి ఉంది. ఇక దాన్ని ఏ వైద్యమూ విప్పలేదు.

అదే పొరను రెండు నెలల క్రితం బతికించింది కూడా మేమే.

తల్లి కడుపులో ఆరేడు వారాల పిండానికి ఆ పొరలో కణాలన్నీ ఒక్క తీరునే ఉంటాయి. అప్పుడు ఒక జన్యువు నిద్ర లేచి, వాటిలో కొన్నింటిని నరాలు కమ్మంటుంది. కొన్నాళ్ళకు ఇంకో జన్యువు లేచి మొదటిదాని నోరు మూయిస్తుంది. మూయించకపోతే ఉన్న కణాలన్నీ నరాలైపోతాయి. పెళ్ళిపందిట్లో అందరూ బంతిలో కూర్చుంటే వడ్డించేవాళ్ళెవరు? నరాలను పట్టి నిలబెట్టి, వాటికి తిండి అందించడానికి కొన్ని కణాలు మిగలాలి. చేపకు రెటీనా చిరిగితే ఆ మిగిలిన కణాలే మళ్ళీ నరాలవుతాయి. మనిషికి ఆ భాగ్యం లేదు. మనం పుట్టేలోపే ఆ జన్యువు పడుకుంటుంది, ఇక జన్మలో లేవదు.

మేము దాన్ని లేపాం. నాకు పద్నాలుగేళ్ళు పట్టింది.

దాలమ్మది పుట్టుకతో వచ్చిన రేచీకటి. పలాసలో జీడిపప్పు కార్ఖానాలో పప్పు ఏరే పని చేసేది. గుండు, బద్ద, ముక్క అని మూడు కుప్పలు చెయ్యాలి, మాడినదాన్ని వేరే తీసెయ్యాలి. ముప్పై ఎనిమిదేళ్ళకే పట్టపగలు కూడా చూపు మసకబారి, ఆ పని చేజారే దశలో మా దగ్గరికి వచ్చింది. రెండు కళ్ళకూ సూదిమందు ఇచ్చిన మూడు వారాలకు చూపు పరీక్షించాలని గోడకు అక్షరాల పట్టిక తగిలించాం. ఆమె దాని వైపు చూసి నవ్వింది. "నాకు అచ్చరాలు రావు గదమ్మా," అని కొంగున కట్టి తెచ్చుకున్న జీడిపప్పు బల్ల మీద పోసింది. "ఇయ్యే నా అచ్చరాలు. దీపాలు తగ్గించండి."

తగ్గించాం. ఇంకా తగ్గించమంది. నాకే బల్ల అంచు తెలియనంత మసక అయ్యేదాకా తగ్గించాం. ఆ మసకలో దాలమ్మ చేతులు చకచకా కదిలాయి. దీపాలు వేసి చూస్తే మూడు కుప్పలు, ఒక్క తప్పు లేదు. మాడిన పప్పులు నాలుగు విడిగా ఉన్నాయి. మా ల్యాబులో పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం కూతురి మొహం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "ఏటే, గెడ్డం కింద ఈ మచ్చెప్పుడొచ్చింది? ఇన్నాళ్ళూ సెప్పనేదు," అంది. నేను బయటికి వెళ్ళి ఏడ్చి వచ్చాను. ఆ రోజంత సంతోషం నాకు పెళ్ళి రోజున కూడా లేదు.

అయితే లేపడం గొప్ప కాదు, ఆపడం గొప్ప. ఆ ఆపే పని చుక్కల్లో ఉంది. సూదిమందు ఇచ్చిన రోజు నుంచి నలభై రోజులు, రోజుకు మూడు పూటలా కంట్లో చుక్క వెయ్యాలి. అప్పుడు లేచిన జన్యువు మెల్లగా శాశ్వతంగా పడుకుంటుంది. మధ్యలో మానేస్తే అది మళ్ళీ విరుచుకుపడుతుంది. ఇంకా నరాలు, ఇంకా నరాలు అంటూ వడ్డించేవాళ్ళను కూడా బంతిలో కూర్చోబెట్టేస్తుంది.

నిజానికి నేను మొదట ఆపే జన్యువును కూడా లోపలే పెట్టాను. ఇరవయ్యో రోజున దానంతటది లేచి, పని ముగించేది. చుక్కల అవసరమే లేదు. కుందేళ్ళ కళ్ళలో చక్కగా పనిచేసింది. మా డైరెక్టరు ముకుంద్‌గారు ఆ ఫలితాలు చూసి పెదవి విరిచారు.

"ఒక్క సూదితో అంతా అయిపోతే ఇక మన చేతిలో ఏముంటుంది వకుళా? చుక్కలైతే పట్టు మన దగ్గరుంటుంది."

పట్టు అంటే ఏమిటో నాకు తెలియక కాదు. సీసా ఉంటే సీసా అమ్మవచ్చు. ప్రకృతి ఆపే మీటను లోపల పెట్టింది, మేము తీసి సీసాలో పెట్టాం. నేను రెండు రోజులు అరిచాను, మూడో రోజు సంతకం పెట్టాను. ఒక కన్ను అయ్యాక రెండోది చేద్దామన్నాను, రెండూ ఒకేసారి చేసేద్దామన్నారు, దానికీ సంతకం పెట్టాను. అరిచి ఊరుకునే కోపం ఎవరికీ అన్నం పెట్టదు.

రోగులు చుక్కలు వేసుకుంటున్నారో లేదో కనుక్కునే పని మనుషులకు ఇవ్వలేదు. 'పలకరింపు' అని ఒక యంత్రాన్ని పెట్టారు. అది మూడు రోజులకోసారి రోగికి ఫోను చేసి తేనెలాంటి ఆడగొంతుతో తెలుగులో మాట్లాడుతుంది, జవాబు విని ఇంగ్లీషులో రాసుకుంటుంది. దాలమ్మ కాగితంలో ఇరవై మూడో రోజు నుంచి వరసగా ఏడుసార్లు ఒకే వాక్యం ఉంది, మందు నిండుగా ఉంది అని. అంటే వాడటం లేదని యంత్రం తేల్చింది, మేము నమ్మాం. రోగి నిర్లక్ష్యం అని రాసి కాగితం మూసేశారు.

మూసేసి ఊరుకోలేదు. వైద్యాన్ని నిర్లక్ష్యం చేసిన రోగి ఇంట్లో మరెవరికీ ఆ వైద్యం ఇవ్వకూడదని మా నియమం. హేమలతకు పద్దెనిమిదేళ్ళు, తల్లి జబ్బే పిల్లకూ వచ్చింది. పొద్దు వాలితే గోడ పట్టుకుని నడుస్తోంది. జాబితాలో ఆ పిల్లది తొమ్మిదో పేరు. రెండేళ్ళు దాటితే లేపడానికి కూడా అక్కడ కణాలు మిగలవు. ఆ తొమ్మిదో పేరు మీద అడ్డంగా గీత గీసిన కాగితం కూడా నా బల్ల మీదికే వచ్చింది.

తర్వాతి ఆదివారం నేను ఇంట్లో పేపరు ముందు పెట్టుకుని, చదవకుండా కూర్చున్నాను. వంటింట్లోంచి మా అత్తగారు కేకేశారు.

"వకుళా, కాఫీపొడి నిండుకుంది. పేపరు మింగేసేలా చూడటం అయితే, బజారుకెళ్ళి పట్రా."

"నిన్ననే డబ్బా చూశాను కదండీ..." అంటూ ఆగిపోయాను.

"ఏం చూశావో. కళ్ళ డాక్టరువి, డబ్బాలో అడుగు కనపడుతోంటే తెలియదు. నిండుకుందంటే నిండుగా ఉందనుకున్నావా ఏమిటి?" అని ఆవిడ నవ్వారు.

మా ఇళ్ళలో అయిపోయిందని అనరు. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటారు, దీపం ఆరిపోతే కొండెక్కిందంటారు, వెళ్ళేవాళ్ళు వెళ్ళొస్తామంటారు. లేదు అనే మాట ఇంట్లో పలికితే లేమి అది విని వచ్చి కూర్చుంటుందని భయం. ఆ మాట నేను ఉగ్గుపాలతో విన్నాను. ఇంగ్లీషు కాగితం చూడగానే నాకు ఉగ్గూ గుర్తు రాలేదు, పాలూ గుర్తు రాలేదు. చెప్పులు వేసుకున్నానో లేదో తెలియకుండా ఆఫీసుకు పరిగెత్తాను.

కాగితాలు కాదు, ఈసారి గొంతు విన్నాను. ఇరవై మూడో రోజు.

"మందు నిండుకుందమ్మా. పంపించండి."

"చాలా సంతోషం," అంది యంత్రం. "క్రమం తప్పకుండా వాడండి."

ఇరవై ఆరో రోజు. "మూడు దినాలైనాదమ్మా నిండుకుని. ఇక్కడ మందులషాపులో ఇవ్వరంట."

"చాలా సంతోషం. క్రమం తప్పకుండా వాడండి."

ఇరవై తొమ్మిదో రోజు హేమలత ఫోను లాక్కుంది. "మందు అయిపోయిందండీ! సీసా ఖాళీ అయిపోయింది, ఇనపడతందా?" యంత్రం మర్యాదగా జవాబిచ్చింది. "ఈ గొంతు నమోదు కాలేదు. దయచేసి ఫోను రోగికి ఇవ్వండి." ముప్పై రెండో రోజు వెనక నుంచి ఆ పిల్ల, "అయిపోనాదని సెప్పమ్మా," అంటోంది. దాలమ్మ, "ఉష్, ఊరుకోయే," అని కసిరి, మళ్ళీ, "నిండుకుందమ్మా," అంది. నలభై ఒకటో రోజుకు ఆమె గొంతులో తడి లేదు. "అంతా మసకైపోతంది తల్లీ. నిండుకుందని ఎన్నిసార్లు సెప్పాల? మీరు మనుసులు కాదేటి?"

"చాలా సంతోషం," అంది యంత్రం.

రికార్డింగు వినిపిస్తున్న పెట్టెను గోడకేసి కొట్టాను. అది పగల్లేదు, నా చెయ్యి వాచింది. ఆ మధ్యాహ్నమే మా ల్యాబు పిల్లలందరినీ పిలిపించి, చుక్కలు వాడుతున్న మిగతా అరవై మందికీ మా నోళ్ళతోనే ఫోన్లు చేశాం. చోడవరంలో ఒక ముసలాయన ఇంట్లోనూ, టెక్కలిలో ఒక టీచరమ్మ ఇంట్లోనూ మందు నిండుకుని మూడేసి రోజులైంది. యంత్రం వాళ్ళకూ చాలా సంతోషం చెప్పింది. సాయంత్రంలోగా కార్లలో సీసాలు పంపాం. వాళ్ళ కళ్ళు దక్కాయి. అలాంటి ఫోను ఇరవై మూడో రోజునే చేసి ఉంటే దాలమ్మ కళ్ళూ దక్కేవి.

మర్నాడు ముకుంద్‌గారి గదిలో రికార్డింగు పెట్టాను. ఆయన మొదటిది వినగానే నొసలు రుద్దుకున్నారు.

"అయ్యో పాపం. మా అమ్మ కూడా ఇలాగే అంటుంది."

"అయితే రికార్డు మార్చండి."

"ఎలా మారుస్తాం? మందు అందలేదని రాస్తే ప్రయోగం ఆగిపోతుంది. జాబితాలో వందమంది గుడ్డివాళ్ళు ఎదురు చూస్తున్నారు. ఒక్కామె కోసం వందమందిని ఆపమంటావా? ఆమెకు పోయిన చూపు ఎలాగూ రాదు."

"రాకపోతే అబద్ధాలకోరు అన్న ముద్ర కూడా వేస్తారా? హేమలత ఏం చేసింది?"

"నియమం నియమమే వకుళా. కొంచెం నెమ్మదిగా మాట్లాడు."

"మాట్లాడను. మీ అమ్మగారు ఆ మాట అంటే మీరు బజారుకు పరిగెత్తి ఉంటారు. దాలమ్మ అంటే మాత్రం నిర్లక్ష్యం అయింది," అని నా పత్రాలన్నీ రోగుల రక్షణ కమిటీకి పంపించేశాను. పంపించాక ఆయనకు చెప్పాను. ఆయన మొహం చూడాల్సింది.

విచారణకు దాలమ్మ రావాలి. పిలవడానికి నేనే పలాస వెళ్ళాను. కార్ఖానాలో ఆమెను ఏరే బల్ల దగ్గర నుంచి తీసేసి పొట్టు తీసే చోట కూర్చోబెట్టారు. వేళ్ళతో తడుముతూ పప్పు మీది ఎర్రపొట్టు గీకుతోంది. నా గొంతు వినగానే చేతులు ఆగాయి, మొహం మాత్రం ఎత్తలేదు.

"దాలమ్మగారూ, తప్పంతా మాదే. నాది. క్షమించండి."

"ఇప్పుడు గారూ ఒచ్చినాదేటి?" అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. "అందరిముందరా తిట్టినారు కదమ్మా. కళ్ళు పోతే పోనాయి, అది నా రాత. అబద్దాలకోరునన్నారు. ఏడుసార్లు సెప్పినదాన్ని. రైల్లో మా గుంట హేమలత ఏడుస్తానే ఉన్నాది, ఊరొచ్చినదాకా."

"ఇక్కడ కూడా అందరి ముందరే చెబుతున్నాను. మీరు అబద్ధం ఆడలేదు. వినడం చేతకానిది మాకు."

ఆమె మళ్ళీ గీకడం మొదలుపెట్టింది. పప్పు పొట్టు ఊదుకుంది. పక్కనే పొట్టు తీస్తున్న హేమలత మాత్రం ఉండబట్టలేక అందుకుంది.

"అసలు మీరు సీసా నలబై రోజులొస్తాదని ఎలాగ లెక్కేసినారండీ? మాయమ్మ మూడు పూటలా ఏసుకున్నాది. కనపడకపోతే సుక్క కంట్లోనే పడతాదేటి? సగం సెంపమీద కారిపోయేది. నేను కార్కానాకెల్తే మజ్జానం ఆవిడకి ఆవిడే ఏసుకోవాల."

పద్నాలుగేళ్ళు జన్యువుల గుట్టు విప్పిన బృందం మాది. చూపు సరిగ్గా లేని మనిషి కంట్లో చుక్క వేసుకుంటే సగం చెంప మీద పడుతుందని మాలో ఒక్కరికీ తట్టలేదు. సీసా ఇరవై రెండు రోజులకే ఖాళీ కావడం ఆమె తప్పు కాదు, చెంప మీద కారిపోయే చుక్కలను మేము లెక్కలోనే వెయ్యలేదు.

"నేను ఒచ్చి ఆళ్ళ ముందర మాట్లాడితే నా కళ్ళొస్తాయేటమ్మా?" అని అడిగింది దాలమ్మ.

"రావు."

"మరెందుకు?"

"హేమలత పేరు మీద గీత గీశారు. మీరు మాట్లాడితే అది పోతుంది."

ఆమె ఒళ్ళో పొట్టు దులుపుకుని లేచింది. "ఎప్పుడెల్లాల?" అంది.

కమిటీ మా సంస్థ మేడ మీది హాల్లోనే కూర్చుంది. అధ్యక్షురాలు సువర్చలగారు, విశ్రాంత న్యాయమూర్తి. ఆమె పక్కన ఒక కంటి వైద్యుడు, టైపు చెయ్యడానికి ఒక గుమాస్తా. ఇటువైపు ముకుంద్‌గారు, సంస్థ లాయరు. రికార్డింగులు ఏడూ విన్నారు. వినేటప్పుడు నేను అందరి మొహాలూ చూశాను. ఆ హాల్లో ఆ మాటకు అర్థం తెలియనివాడు ఒక్కడు లేడు. మొదటిసారి వినగానే గుమాస్తా నాలుక కరుచుకున్నాడు. లాయరు మాత్రం పెద్ద నిఘంటువు తెరిచి, వేలు పెట్టి చదివాడు.

"నిండుకొను. పూర్తిగా నిండు, పరిపూర్ణమగు."

"రెండో అర్థం కూడా చదవండి," అన్నాను.

"ఉంది మేడమ్. వ్యయమగు, లేకపోవు అని కూడా ఉంది. రెండు అర్థాలున్నాయి కాబట్టే సందేహం అంటున్నాను. సందేహం ఉన్నప్పుడు యంత్రాన్ని తప్పు పట్టలేం."

"మీ ఇంట్లో బియ్యం నిండుకున్నాయని మీ ఆవిడ అంటే మీరు పండగ చేసుకుంటారా? సిగ్గు లేదూ మీకు?"

"వకుళగారూ, కూర్చోండి," అన్నారు సువర్చలగారు. గొంతు కటువుగా ఉన్నా నా మీద కోపం లేదని తెలిసింది. ఆమె నిబంధనలు ముందుకు తీసి, అందరికీ అర్థమయ్యేలా చెప్పారు. రోగి మందు వాడలేదని రికార్డు ఉంటే చుక్కల వైద్యం ఇలాగే సాగుతుంది, ఆ కుటుంబం జాబితాలో ఉండదు. మందు అయిపోయింది, సంస్థ పంపలేదు అని రికార్డు మారితే చుక్కల వైద్యం అక్కడితో ఆగిపోతుంది. జాబితాలో ఉన్నవాళ్ళందరికీ ఆపే జన్యువు లోపలే ఉన్న పద్ధతే ఇవ్వాలి. ఫ్రీజరులో రెండేళ్ళుగా పడి ఉన్న నా పద్ధతి అది.

"అయితే రికార్డు మార్చాలంటే వాంగ్మూలం రోగి నోటివెంటే రావాలి, రెండర్థాల మాట ఉండకూడదు. కూతురి మాట చెల్లదు." ఆమె దాలమ్మ వైపు తిరిగారు. "అమ్మా, ఇరవై మూడో రోజున మందు సీసా ఎలా ఉంది? తేటగా ఒక్క మాట చెప్పండి."

"నిండుకుందమ్మా," అంది దాలమ్మ.

లాయరు చిన్నగా నవ్వాడు. "చూడమ్మా, ఖాళీ అని ఎందుకు అనవు? తెలుగే కదా? నాలుగు అక్షరాలు కూడా లేవు."

"కంటిమందు బాబూ," అంది ఆమె. "ఉప్పుకే, పప్పుకే నేదనే మాట ఆడం. కంటిమందుని అలగెలగంటాను? ఆ మాట కంటికి తగల్దా?"

"అప్పుడు సరే. ఇప్పుడు కళ్ళు ఎలాగూ..." అని లాయరు ఆగాడు. ఆగినందుకు కాదు, అంతదూరం వచ్చినందుకే అతన్ని కొట్టాలనిపించింది.

"నాయి పోనాయి. ఈ గుంటయి ఉన్నాయి," అంది దాలమ్మ పక్కన కూర్చున్న హేమలత మోకాలి మీద చెయ్యి వేసి. "రేపు దీనికెయ్యబోయే మందు. దీని పక్కన కూకుని, దీని సెవిన పడేటట్టు, మందు ఆ మాట... నాననను."

నేను లేచి నిలబడ్డాను. "అనక్కర్లేదమ్మా! మీరు ఏమీ అనక్కర్లేదు. ఇక్కడున్న అందరికీ తెలుసు. తెలిసి కూడా ఒక తల్లి చేత శాపం పెట్టించుకుంటే గానీ కాగితం కదలదంటున్నారు. ఇంత చదువు చదివి మనం నేర్చుకున్నది ఇదా?" ముకుంద్‌గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. సువర్చలగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు గానీ, నియమం మార్చడం తన చేతిలో లేదన్నారు.

దాలమ్మ చెయ్యి గాల్లోకి ఎత్తి నన్ను ఆపింది. కూతురి వైపు వంగింది.

"నువ్వు బైటికెల్లు."

"ఎందుకమ్మా? నానుంటాను."

"ఎల్లమంటే ఎల్లాల. మెట్లకాడిదాకా పోయి నిలబడు. సెవులు మూసుకో."

హేమలత నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఆ పిల్ల గోడ పక్కగా నడిచి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. చప్పుడైంది. దాలమ్మ ఆ చప్పుడు వైపు మొహం పెట్టి కాసేపు విన్నది.

"తలుపు బాగా ఏసినాదా డాక్టరమ్మా?"

నేను వెళ్ళి గడియ పెట్టాను. "వేశానమ్మా."

"కిటికీలు?"

ముకుంద్‌గారు తన పక్కనున్న కిటికీ రెక్క తనే మూశారు. ఆయన చెయ్యి ఆ రెక్క మీదే ఉండిపోయింది.

దాలమ్మ కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. గుమాస్తా టైపు చప్పుడు వినపడాలని కాబోలు, అటు చెవి పెట్టింది.

"రాసుకో బాబూ. మందు నేదు. ఇరవై మూడో దినం పొద్దుట్నించి నేదు. సీసా కాళీ. అయిపోనాది." ఒక్కో మాట దగ్గర ఆగి, అతని వేళ్ళు ఆగేదాకా ఉండి, తర్వాతి మాట అంది. "అడిగినాను. మీరు పంపనేదు. కళ్ళు నేవు. రెండూ నేవు. ఏటీ నేదు. ఇది తేటగా ఉందా?"

"ఉందమ్మా," అన్నారు సువర్చలగారు.

"రెండర్తాలేటి నేవు గదా?"

లాయరు తల దించుకుని, "లేవమ్మా," అన్నాడు.

సువర్చలగారు సంతకం పెట్టి, కాగితం గుమాస్తాకు ఇచ్చి, తొమ్మిదో పేరు మీది గీత తీసెయ్యమని అతనితోనే రాయించారు. దాలమ్మ నోరు కడుక్కోవాలి, నీళ్ళు కావాలంది. నేను తెచ్చిన గ్లాసు పట్టుకుని, మూడుసార్లు పుక్కిలించి, ఆ నీళ్ళు మూలనున్న తొట్టిలో ఉమ్మింది. పెదాలు కొంగుతో గట్టిగా తుడుచుకుంది.

"ఇప్పుడు మా గుంటని పిలండి," అంది.

తలుపు తీశాను. హేమలత మెట్ల దగ్గర ఇంకా రెండు చెవులూ మూసుకునే నిలబడి ఉంది. నేను భుజం తడితే చేతులు తీసి గబగబా లోపలికి వచ్చింది.

"ఏటన్నావమ్మా?"

"మంచిమాటే అన్నాను," అంది దాలమ్మ, లేచి ఆ పిల్ల భుజం పట్టుకుంటూ. "నడు, రైలు టైమవుతాది."